లీకవుతుందనుకునే వేయాలి

పాశమైలారంలోనో బొల్లారంలోనో గడ్డపోతారంలోనో ఫ్యాక్టరీలో పనిచేసే ఏ వెల్డర్‌నైనా అడగండి. సాల్వెంట్ వాడే బ్లాకులో హాట్ వర్క్ పర్మిట్ లేనిదే గ్రైండర్ స్విచ్ కూడా వేయనివ్వరని చెబుతాడు. పర్మిట్ మీద సంతకాలు పడాలి. మీటరు పెట్టి గాలిలో గ్యాసు ఉందో లేదో చూడాలి. ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని ఒక మనిషి పక్కన నిలబడాలి. నిప్పురవ్వ పుట్టించే ప్రతి పనికీ ఇదే వరస. అదే కార్మికుడు షిఫ్టు దిగి ఇస్నాపూర్‌లోనో బీరంగూడలోనో అమీన్‌పూర్‌లోనో ఉన్న ఇంటికి చేరతాడు. ముందు గదిలో ఏసీ పైపులకు బ్రేజింగ్ చేసుకుంటాడు. వెనక గదిలో ఇంటివాళ్లు కంపెనీ కుర్రాళ్లకు క్యారియర్లు కట్టడానికి పెద్ద పొయ్యి వెలిగిస్తారు. ఇక్కడ సంతకమూ లేదు, మీటరూ లేదు, పక్కన నిలబడే మనిషీ లేడు. గ్యాసు మాత్రం ఫ్యాక్టరీలో ఎలా మండుతుందో ఇంట్లోనూ అలాగే మండుతుంది. ఈ పారిశ్రామికవాడలో వేల కుటుంబాలకు పని నేర్పిన జ్ఞానం సాయంత్రం గేటు దగ్గరే ఆగిపోతోంది. దాన్ని ఇంటిదాకా ఎలా తెచ్చుకోవాలన్నదే ఈ అధ్యాయం.

ఇంట్లో పని గదికి గ్యాస్ లైన్ వేయించుకునేవారు మామూలుగా అడిగే ప్రశ్న ఒకటే: "లీకు కాకుండా ఎలా వేయాలి?" మంచి ప్రశ్నే, కానీ సగం ప్రశ్న. "లీకైతే ఆ గ్యాసు ఎటు పోతుంది? అప్పుడు ఎవరు, ఏది ఆపుతుంది?" అన్నది మిగతా సగం. మొదటి ప్రశ్నకు జవాబు పైపులో ఉంటుంది. రెండోదానికి జవాబు గదిలో, సిలిండర్ పెట్టే చోటులో, మన అలవాట్లలో ఉంటుంది. ఫ్యాక్టరీలో పర్మిట్ పద్ధతి పుట్టింది మనుషులు మంచివాళ్లు కాదని కాదు. వాల్వు అరుగుతుంది, మనిషి మరిచిపోతాడు అన్న రెండు నిజాలను ముందుగానే ఒప్పుకోవడం వల్ల పుట్టింది. ఇంట్లో లైను వేసేటప్పుడు కూడా ఆ రెండింటినీ ఒప్పుకుని మొదలుపెట్టాలి.

గ్యాసు నడిచే దారి

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు నలభై మందికి పైగా ప్రాణాలు తీసింది. అది వంటగ్యాస్ ప్రమాదం కాదు. అయినా మండే పదార్థం, గాలి, నిప్పు ఒక మూసిన చోట కలిస్తే మనిషికి పరుగెత్తే వ్యవధి కూడా దొరకదని ఈ ప్రాంతానికి మళ్లీ తెలిసొచ్చింది. మన విషయానికి మరింత దగ్గరి ఉదాహరణలు రెండున్నాయి. 1997 సెప్టెంబర్ 14న విశాఖపట్నం హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై నిప్పంటుకుంది. దాదాపు అరవై మంది చనిపోయారు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైప్‌లైన్ నుంచి లీకైన గ్యాసు తెల్లవారుజామున అంటుకుని ఇరవై మందికి పైగా బలయ్యారు. పొడి గ్యాసు కోసం ఉద్దేశించిన లైన్లో తేమ గ్యాసు పారి, పైపు లోపలి నుంచి తుప్పు పట్టిందని విచారణలో తేలింది. పైకి గట్టిగా కనిపించే పైపు లోపల్లోపల బలహీనపడవచ్చు. లీకైన గ్యాసు లీకైన చోటే ఉండిపోదు. తనకు అనువైన దారి వెతుక్కుని నిప్పు ఉన్న చోటికి చేరుతుంది. లైను వేయించే ప్రతివాడూ ఈ రెండూ మనసులో పెట్టుకోవాలి.

వంటగ్యాసు, అంటే ఎల్‌పీజీ, గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. అందుకే అది పొగలా పైకి లేవదు, నీళ్లలా కిందికి జారుతుంది. నేలమీద పరుచుకుని, గడప దాటి, డ్రైనేజీ జాలీలోంచి దిగి, సంపులోనో సెల్లారులోనో నిలుస్తుంది. సిలిండర్‌లో ద్రవంగా ఉన్న ఒక లీటరు బయటికొస్తే సుమారు 250 లీటర్ల ఆవిరి అవుతుంది. గాలిలో దాని వాటా దాదాపు 2 శాతం నుంచి 9.5 శాతం మధ్య ఉంటే చిన్న రవ్వ చాలు, అంటుకుంటుంది. ఈ అంకెలను మన గదికి అన్వయించి చూద్దాం. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గది మొత్తం ఆ 2 శాతానికి చేరడానికి సుమారు కిలోంబావు గ్యాసు సరిపోతుంది. 14.2 కిలోల ఇంటి బండలో అది పదోవంతు కూడా కాదు. కానీ గ్యాసు గది నిండా సమానంగా కలవదు, కిందే పేరుకుంటుంది. నేల నుంచి ఒక అడుగు ఎత్తు వరకే నిలిచిందనుకుంటే 130 గ్రాములే చాలు. గంటకు అరకిలో తాగే పెద్ద బర్నర్ మీద పప్పు పొంగి మంట ఆరిపోయిందనుకోండి. ఆ 130 గ్రాములు పావుగంటలో బయటికొస్తాయి. నిలబడి ఉన్న మనిషి ముక్కు అయిదడుగుల ఎత్తులో ఉంటుంది. ఫ్రిజ్ కంప్రెసర్, గ్రైండర్ మోటారు మాత్రం కిందే ఉంటాయి.

ముందు గది, తర్వాత పైపు

అందుకే ఫిట్టర్‌ని పిలిచే ముందు గదిని చూసుకోవాలి. నేలమట్టం కంటే కిందున్న గదిలో, సెల్లారులో, మెట్ల కింద, సంపు మూత ఉన్న చోట ఎల్‌పీజీ లైను ఆలోచనే వద్దు. నేల దగ్గర, బయటి గోడకు, మూయడానికి వీల్లేని జాలీ ఒకటి ఉండాలి. లీకైన గ్యాసుకు అదే దారి. పైన మరో జాలీ ఉండాలి. వేడిగాలికి, పొగకు అది దారి. కిటికీ ఉంది కదా అంటారు. సంగారెడ్డి జిల్లాలో చలికాలం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. కోహీర్, న్యాల్‌కల్ వైపు ఉష్ణోగ్రత ఒక్క అంకెకు పడిపోయే రాత్రులుంటాయి. తెల్లవారుజామున నాలుగింటికి టిఫిన్ పని మొదలుపెట్టే ఇంట్లో ఆ చలికి ముందు మూసేది కిటికీనే. మూసిన గదిలో బర్నర్ మండుతుంటే గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత అనిపించేసరికే మనిషి చేతుల్లో సత్తువ పోతుంది. కాబట్టి గాలి దారి మన ఇష్టాయిష్టాల మీద ఆధారపడకూడదు. చలి ఇంకో తప్పు కూడా చేయిస్తుంది. పెద్ద పొయ్యి వాడకానికి సిలిండర్ చల్లబడి, పైన మంచు పట్టి, గ్యాసు సన్నగా వస్తుంది. వెంటనే వేడినీళ్లు పోయడం, బండను పక్కకు పడుకోబెట్టడం చాలామందికి అలవాటు. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే లైన్లోకి దిగుతుంది. మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. ఒక సిలిండర్ చాలకపోతే సరైన సామర్థ్యంతో రెండు సిలిండర్ల మానిఫోల్డ్ వేయించుకోవాలి గానీ ఉన్న బండను హింస పెట్టకూడదు.

సిలిండర్ స్థానం గది బయటే. నిలువుగా, గట్టి గద్దె మీద, ఎండ నేరుగా తగలని చోట, గాలి ఆడే జాలీ గూటిలో, డ్రైనేజీకీ స్విచ్‌బోర్డుకీ దూరంగా పెట్టాలి. ఈ ఒక్క మార్పుతో ప్రమాదం లెక్కే మారిపోతుంది. లోపలికి వచ్చేది రెగ్యులేటర్ తగ్గించిన ప్రెషర్‌లో ఉన్న కాస్త ఆవిరే. ద్రవం నిండిన బండ ఆరుబయట ఉంటుంది. గ్యాస్ సిలిండర్ల నిబంధనలు 2016 ప్రకారం లైసెన్సు లేకుండా 100 కిలోలకు మించి ఎల్‌పీజీ నిల్వ పెట్టకూడదు. 19 కిలోల సిలిండర్లు అయిదు పెడితేనే 95 కిలోలవుతుంది. అయితే ఆ పరిమితిని హక్కుగా చూడకండి. ఇంటి దగ్గర ఎంత తక్కువ ఉంటే అంత మేలు. అమ్మకానికి వండుతున్నా, పని చేస్తున్నా 14.2 కిలోల ఎర్ర బండ వాడకూడదు. వాణిజ్య కనెక్షన్ తీసుకోవాలి. ఇది కేవలం సబ్సిడీ సంగతి కాదు. కనెక్షన్ ఏ పనికి, ఏ చిరునామాకు ఇచ్చారో అందుకు విరుద్ధంగా వాడితే ప్రమాదం తర్వాత బీమా అడిగే బలం కూడా పోతుంది.

ఇక పైపు. నీళ్ల పైపులు వేసే ప్లంబర్ మంచి పనిమంతుడే కావచ్చు, కానీ నీళ్లకు, గ్యాసుకు న్యాయం ఒకటి కాదు. నీళ్ల లైను చెమ్మగిల్లితే గోడ తడుస్తుంది, కంటికి కనిపిస్తుంది. గ్యాస్ లైను చెమ్మగిల్లదు. అందుకే పీవీసీ, సీపీవీసీ గొట్టాలు లోపలి గ్యాస్ లైనుకు పనికిరావు. ఎర్ర గీత ఉన్న సి క్లాస్ జీఐ పైపు గానీ, గ్యాసుకు తగిన రాగి గొట్టం గానీ వాడాలి. డిస్ట్రిబ్యూటర్ ఆమోదించిన, గ్యాస్ పని తెలిసిన ఫిట్టర్ చేతే వేయించాలి. పైపు గోడలోంచి వెళ్లే చోట దాని చుట్టూ మరో పెద్ద గొట్టం తొడగాలి. రబ్బరు పైపు మాత్రం ఎప్పుడూ గోడలోంచి పోకూడదు. నారింజ రంగు సురక్షా హోస్ చివరి మీటరు, మీటరున్నర దూరానికే. దాని మీద ముద్రించిన గడువు అయిదేళ్లు, ఆ తేదీ దాటాక అది పైకి కొత్తగా కనిపించినా మార్చేయాల్సిందే. సిలిండర్ దగ్గర ఒక వాల్వు, గది గడప దగ్గర చేతికందే ఒక వాల్వు, ప్రతి బర్నర్‌కు ముందు ఒక వాల్వు ఉండాలి. మంట ఆరితే గ్యాసును తనే ఆపేసే బర్నర్ దొరికితే అదే కొనండి. మనిషి మరిచిపోతాడని ముందే ఒప్పుకుని తయారుచేసిన పరికరం అది.

వేళ్ల చివర పరీక్ష

లైను పూర్తయ్యాక గ్యాసు ఎక్కించే ముందు గాలితో గానీ నైట్రోజన్‌తో గానీ ప్రెషర్ ఎక్కించి, గేజ్ ముల్లు కదులుతుందేమో కొంతసేపు చూడాలి. ఆక్సిజన్‌తో ఈ పరీక్ష చేయనే కూడదు. తర్వాత ఒక గిన్నెలో సబ్బు నీళ్లు కలిపి బ్రష్‌తో ప్రతి జాయింటుకూ పూయాలి. ఆవగింజంత బుడగ లేచి, ఆగి, మళ్లీ అదే చోట లేస్తే అక్కడ లీకున్నట్టే. ఒక్కోసారి బుడగ రావడానికి అరనిమిషం పడుతుంది. కాబట్టి పూసి వెంటనే ముందుకెళ్లిపోకుండా ఆ జాయింటును కళ్లతో అంటిపెట్టుకుని ఉండాలి. అగ్గిపుల్లతో చూడటం పరీక్ష కాదు, ప్రమాదమే. కొత్త బండ వచ్చినప్పుడు కూడా రెండు చూపులు చూడాలి. పట్టీ లోపలివైపు ఒక అక్షరం, రెండు అంకెలు రాసి ఉంటాయి. బి-27 అని ఉంటే 2027 జూన్‌లోపు ఆ సిలిండర్‌ను మళ్లీ పరీక్షించాలని అర్థం. ఎ అంటే మార్చి, సి అంటే సెప్టెంబర్, డి అంటే డిసెంబర్ వరకు. గడువు దాటిన బండను నిర్మొహమాటంగా తిప్పి పంపండి. మూత తీశాక వాల్వు నోటిలోకి తొంగి చూడండి. అక్కడ చిటికెన వేలి ఉంగరమంత నల్ల రబ్బరు రింగు ఉంటుంది. అది చిట్లినా, జారినా, లేకపోయినా ఎంత ఖరీదైన రెగ్యులేటర్ పెట్టినా గ్యాసు పక్కనుంచి పోతూనే ఉంటుంది.

ఏసీ, ఫ్రిజ్ పని చేసేవారికి మరో మాట. చేతికింద మిగిలిన రాగి గొట్టం ఎప్పుడూ ఉంటుంది కనుక దాన్నే లైనుగా వాడాలనిపిస్తుంది. ఎసిటిలిన్ విషయంలో ఆ పని ప్రాణాంతకం. ఎసిటిలిన్ రాగితో కలిస్తే తగలగానే పేలే పదార్థం ఏర్పడుతుంది. మెరూన్ సిలిండర్‌లో ఉన్నదానికి రాగి ఫిట్టింగులు తగలకూడదు. నల్ల సిలిండర్‌లోని ఆక్సిజన్‌కు నూనె, గ్రీజు తగలకూడదు. వాల్వు బిగుసుకుందని ఒక చుక్క నూనె వేస్తే అది దానంతటదే భగ్గుమనగలదు. టార్చికీ హోసుకూ మధ్య, రెగ్యులేటర్ దగ్గర ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు లేకుండా ఇంట్లో ఆ మంట వెలిగించవద్దు. పైపు గ్యాసు కనెక్షన్ దొరికిన చోట మరో తేడా ఉంది. అందులో వచ్చేది మీథేన్, గాలి కంటే తేలిక. అది పైకప్పు దగ్గర పేరుకుంటుంది. ఎల్‌పీజీ కోసం నేల దగ్గర పెట్టిన డిటెక్టర్ అక్కడ పనిచేయదు, పైన పెట్టాలి. బండ నుంచి పైపు గ్యాసుకు మారినప్పుడు బర్నర్ జెట్లతో పాటు డిటెక్టర్‌నూ, దాని చోటునూ మార్చాలి.

ఎదురొచ్చే మాటలు

"వాసన వస్తుంది కదా, తెలియదా?" అన్నది అందరూ అడిగేదే. వాసన లేని ఎల్‌పీజీకి ఇథైల్ మెర్‌కాప్టాన్ కలిపేది అందుకే. అయితే ఏ వాసనకైనా ముక్కు కాసేపటికి అలవాటు పడుతుంది. జలుబు చేసినా, పోపు ఘాటు నిండినా అది తెలియదు. పైగా రాత్రిపూట రసాయన వాసనలతో ఏళ్లుగా బతుకుతున్న ప్రాంతమిది. కిటికీలోంచి వచ్చిన ఘాటును "ఏదో కంపెనీ వదిలి ఉంటుంది" అనుకుని తలుపేసుకోవడం ఇక్కడ మామూలే. ఆ తలుపేసుకునే అలవాటే గ్యాసు విషయంలో ప్రాణం మీదికి తెస్తుంది. ముక్కు మొదటి కాపలా కావచ్చు, ఆఖరి కాపలా కాకూడదు.

"ఇన్నేళ్లుగా ఏం కాలేదు" అన్నది రెండో మాట. దీంట్లో అబద్ధమేమీ లేదు. లీకు ఒక్కటే ప్రమాదం చేయదు. లీకు, మూసిన గది, రవ్వ మూడూ ఒకే ఘడియలో కలవాలి. ఇన్నాళ్లూ కలవలేదు, అంతే. ఆ కలవకపోవడం మన ఏర్పాటు వల్ల జరిగిందా, అదృష్టం వల్ల జరిగిందా అన్నదే తేల్చుకోవాల్సింది. ఎన్నేళ్లు గడిచినా అదృష్టం ఏర్పాటుగా మారదు. రబ్బరు మాత్రం ఏడాదికేడాది ముదురుతూనే ఉంటుంది.

"ఇది చిన్న పని, దీనికి ఫ్యాక్టరీ నియమాలెందుకు?" అంటారు. పైన వేసిన లెక్కే దీనికి జవాబు. ఎత్తయిన షెడ్డులో, నాలుగువైపులా గాలి ఆడే చోట 130 గ్రాములు చెదిరిపోతాయి. పదడుగుల గదిలో అవే 130 గ్రాములు మోకాళ్ల కింద మడుగు కడతాయి. పని చిన్నదైతే ప్రమాదం చిన్నది కాదు, తప్పించుకునే చోటు చిన్నదవుతుంది. పైగా ఫ్యాక్టరీలో చుట్టూ ఉండేది డ్యూటీలో ఉన్న మనుషులు. ఇంట్లో నిద్రపోతున్న పిల్లలుంటారు.

అన్నిటికంటే బలమైనది డబ్బు మాట, అద్దె ఇంటి మాట. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. షిఫ్టు జీతానికి తోడు నాలుగు రూపాయలు రావాలనే కదా ఈ పని పెట్టుకున్నది. కానీ ముఖ్యమైన పనులన్నీ ఖరీదైనవి కావు. బండను గది బయటికి మార్చడం, నేల దగ్గర ఒక ఇటుక తీసి జాలీ పెట్టడం, గడువు దాటిన హోస్ మార్చడం, సబ్బు నీళ్లు పూయడం ముందు చేసేయవచ్చు. మానిఫోల్డ్, డిటెక్టర్, కొత్త బర్నర్ తర్వాత ఒక్కొక్కటిగా చేర్చుకోవచ్చు. ఇంటి ఓనరు గోడకు రంధ్రం పెట్టనివ్వకపోతే ఆ గదిలో పెద్ద పొయ్యి పెట్టకూడదు. రేకుల కింద, ఆరుబయట పెట్టుకోవాలి. ఓనరుతో మాట్లాడేటప్పుడు అది మీ అవసరంగా కాక ఆయన ఇంటి భద్రతగా చెప్పండి. అది నిజం కూడా.

ఇంట్లో రెండో మనిషి

లీకు తెలిసిన మొదటి నిమిషంలో ఏం చేయాలో ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ఆ నిమిషంలో బుర్ర పనిచేయదు. మంటలన్నీ ఆర్పాలి. చేతికందితే బయటి వాల్వు కట్టాలి. తలుపులు తెరిచి అందరూ బయటికి రావాలి. ఏ స్విచ్చూ వేయకూడదు, తీయకూడదు. ఎగ్జాస్ట్ ఫ్యానుతో గ్యాసు తోలేద్దామనుకోవడం పెద్ద తప్పు, ఆ స్విచ్చులో పుట్టే రవ్వే చాలు. ఫోను బయటికొచ్చాకే చేయాలి. ఎల్‌పీజీ లీకుకు 1906, అగ్నిమాపక దళానికి 101. ఈ రెండు నంబర్లూ వాల్వు పక్కన గోడ మీద పెయింటుతో రాయించండి. సెల్‌ఫోన్‌లో దాచుకున్న నంబరు కంగారులో దొరకదు.

పర్మిట్ పద్ధతిలో ఉన్న అసలు బలం కాగితం కాదు. పని చేసేవాడు ఒకడు, "ఇప్పుడు చేయొచ్చు" అనేవాడు ఇంకొకడు కావడం. తొందర మొదటివాడికి ఉంటుంది, రెండోవాడికి ఉండదు. ఇంట్లో ఆ రెండో మనిషిని మనమే తయారుచేసుకోవాలి. భార్యకు, తమ్ముడికి, పదో తరగతి చదివే కూతురికి వాల్వులెక్కడున్నాయో చూపించండి. సబ్బు నీళ్ల పరీక్ష వాళ్ల చేతే చేయించండి. పని మొదలయ్యే ముందు జాలీ తెరిచి ఉందా, హోస్ బాగుందా చూసి "వెలిగించు" అనే అధికారం వాళ్లకివ్వండి. వద్దంటే మారుమాట్లాడకుండా ఆగండి. సంపాదించే మనిషికి ఇది కొంత కష్టంగానే ఉంటుంది. కానీ ఫ్యాక్టరీలో కుర్ర సేఫ్టీ ఆఫీసర్ ఆపమంటే ఇరవై ఏళ్ల అనుభవమున్న వెల్డర్ టార్చి పక్కన పెడతాడు. అక్కడ ఆగగలిగిన చేతులు ఇంట్లోనూ ఆగగలవు.

ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. హోస్ మీది తేదీ, బండ పట్టీ మీది అక్షరం చదవండి. సబ్బు నీళ్లు కలిపి ప్రతి జాయింటుకూ పూసి చూడండి. ఒక్క బుడగ లేచినా వాల్వు కట్టి ఫిట్టర్‌ని పిలవండి, అతను వచ్చి సరిచేసేదాకా ఆ పొయ్యి వెలిగించకండి. ఏ బుడగా లేవకపోతే బ్రష్‌ని ఇంట్లో ఇంకొకరి చేతికిచ్చి, మళ్లీ మొదటి జాయింటు నుంచి చూడమనండి.